కృపకు పరీక్ష ప్రభువు బల్ల

పాపాన్ని జయించడం ఎలా అన్న ప్రశ్న గోదావరి డెల్టాలో సువార్త కూటాల పందిరి వేసిన ప్రతిచోటా వినబడుతుంది. నరసాపురం నుంచి రాజమహేంద్రవరం దాకా, అమలాపురం నుంచి కాకినాడ దాకా, ఏ ఉజ్జీవ కూటానికి వెళ్లినా జయజీవితం అన్న మాట చెవిన పడకుండా ఉండదు. ఆ మాట చుట్టూ రెండు రకాల బోధ సాగుతోంది. ముందు నువ్వు తాగుడు మాను, అబద్ధం మాను, ఉపవాసం ఉండు, కన్నీటితో ప్రార్థించు, అప్పుడు దేవుని కృప నీ మీద నిలుస్తుంది అంటుంది మొదటిది. నీ పాపాలన్నీ సిలువ మీదే తీరిపోయాయి, ఇక నీకు దిగులెందుకు, నమ్మి నిబ్బరంగా ఉండు అంటుంది రెండోది. మొదటి బోధ విన్న మనిషి ఏటేటా తీర్మానం చేసుకుంటాడు, నెల తిరక్కుండా పడిపోతాడు, తనంత పాపి లేడని లోలోపల కుమిలిపోతాడు. రెండో బోధ విన్న మనిషి ఆదివారం కీర్తనలు పాడి, సోమవారం వడ్డీ లెక్కల్లో పేదవాడి నడ్డి విరుస్తాడు; రెంటికీ పొంతన లేదన్న సంగతే అతనికి తట్టదు. ఈ రెండు బోధలూ క్రైస్తవ విశ్వాసాన్ని సగానికి తెగ్గోసినవే. కృప ముందు వస్తుంది, ఏ షరతూ లేకుండా వస్తుంది. పాపం మీద గెలుపు ఆ కృప చేసే పని. ఆ పని మనలో జరుగుతోందో లేదో తేలేది మాత్రం మానేసిన అలవాట్ల పట్టికలో కాదు. ఎవరి పక్కన కూర్చుని, ఎవరితో కలిసి ఒకే రొట్టె తింటున్నామన్న దగ్గర. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ ప్రశ్నను డెల్టాలోనే అడగడానికి కారణం ఉంది. కృప గురించిన ముఖ్యమైన క్రైస్తవ బోధలు చాలావరకు ఈ నేలకు వచ్చి, ఇక్కడి మట్టిలోనే వేళ్లు దన్నాయి. 1836లో ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ ఈ ప్రాంతానికి చేరి నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా పనిచేశారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. వాళ్లు జీతం మాట్లాడుకుని వచ్చినవాళ్లు కారు; దేవుడు పోషిస్తాడన్న నమ్మకమే వాళ్ల ఆధారం. గోదావరి డెల్టా మిషనుగా పేరుపడిన ఆ బ్రదరన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరవడమే ఆరాధనకు గుండెకాయ. 1840ల్లో ఉత్తర జర్మనీ మిషను రాజమండ్రిలో మొదలుపెట్టిన పని తరువాత అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంలో అది కలిసింది. విశ్వాసం ద్వారానే మనిషి నీతిమంతుడుగా తీర్చబడతాడన్న పాఠాన్ని లూథరన్లు పిల్లలకు ప్రశ్నోత్తరాల రూపంలో నేర్పారు. 1874లో కాకినాడకు వచ్చిన కెనడా బాప్టిస్టులు మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకోవడాన్ని ముందుకు తెచ్చారు. రాజమండ్రి లూథర్‌గిరిలో బోధించిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో బైబిలు మిషను స్థాపించి, దేవుని సన్నిధిలో కనిపెట్టుకుని ఉండడాన్ని సామాన్య విశ్వాసికి అందుబాటులోకి తెచ్చారు. కృపను ఒకరు తీర్పుగా, ఒకరు బల్లగా, ఒకరు మారుమనస్సుగా, ఒకరు సన్నిధిగా చూపించారు. ఈ నాలుగూ కలిస్తేనే బోధ నిండుగా ఉంటుంది. విడివిడిగా పట్టుకున్నప్పుడల్లా మనకు సగమే దక్కింది.

ముందు పాపం అన్నదాన్ని మనం ఎంత ఇరుకు చేశామో చూడాలి. డెల్టా సంఘాల్లో సాక్ష్యం చెప్పడానికి లేచిన మనిషి దాదాపు ఎప్పుడూ మానేసినవాటి పేర్లు చెబుతాడు: సారా, చుట్ట, పేకాట, సినిమా, కోడిపందెం. వీటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. కూలి డబ్బు దుకాణంలో తగలేసి ఇంటికొచ్చి చెయ్యి చేసుకునే మగవాడు మారితే, ఆ ఇంట్లో ఆడవాళ్లకూ పిల్లలకూ అది నిజంగా విడుదలే. ఆ విడుదల తెచ్చిన బోధకు ఈ ప్రాంతపు పేద కుటుంబాలు రుణపడి ఉన్నాయి. కానీ పట్టిక అక్కడితో ఆగిపోతే, పట్టికలో లేనివన్నీ నీతిలో చేరిపోతాయి. గలతీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో పౌలు శరీర కార్యాలను వరసగా చెప్పాడు. అందులో జారత్వం ఉంది, తాగుబోతుతనం ఉంది. వాటితో పాటు ద్వేషం, కలహం, అసూయ, కోపం, కక్షలు, చీలికలు ఉన్నాయి. పట్టికలో ఇంచుమించు సగం మనిషికీ మనిషికీ మధ్య జరిగే చెడుగే. తాగి వచ్చినవాణ్ణి సంఘం బల్లకు దూరంగా పెడుతుంది. అన్నదమ్ముల ఆస్తి మింగినవాణ్ణి, కోడలి మీద కట్నం కోసం నోరు పారేసుకున్నవాణ్ణి, చీలిక తెచ్చి రెండో గుడి కట్టించినవాణ్ణి అదే బల్ల దగ్గర ముందు వరసలో కూర్చోబెడుతుంది. పాపాన్ని ఒంటి అలవాటుగా కుదించిన చోట దాన్ని జయించామన్న ధీమా కూడా అంతే చవకగా దొరుకుతుంది.

ఇప్పుడు వరస సంగతి. గెలుపు ముందా, కృప ముందా? లేఖనాలు ఈ విషయంలో తడబడవు. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయంలో పది ఆజ్ఞలు ఆజ్ఞతో మొదలుకావు. మిమ్మల్ని దాస్యపు ఇంటి నుంచి బయటికి తెచ్చింది నేనే అని దేవుడు ముందు గుర్తుచేశాడు, ఆ తరువాతే ఇలా నడుచుకోండి అన్నాడు. ఆజ్ఞలు పాటించినందుకు ఇశ్రాయేలీయులకు విడుదల రాలేదు. విడుదల పొందిన జనానికి ఆజ్ఞలు వచ్చాయి. లూకా సువార్త పందొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య చెట్టెక్కి ఉండగానే, ఇవాళ నీ ఇంట దిగాలి అన్నాడు యేసు. అప్పటికి జక్కయ్య ఒక్క కాసు తిరిగి ఇవ్వలేదు, ఒక్క మాట ఒప్పుకోలేదు. సగం ఆస్తి పేదలకిస్తాను, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు చెల్లిస్తాను అన్నది ఆ తరువాత. యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో రాళ్ల మధ్య నిలబెట్టిన స్త్రీకి యేసు ముందు శిక్ష లేదని చెప్పాడు, పిమ్మట ఇక పాపం చేయవద్దన్నాడు. ఈ రెండు మాటల వరస తారుమారు చేసి చూడండి: ఇక పాపం చేయకపోతే నీకు శిక్ష లేదు అన్నట్టవుతుంది. అప్పుడది సువార్త కానే కాదు, షరతుల కాగితం. డెల్టా వేదికల మీద తరచు వినిపించేది ఈ తారుమారైన మాటే.

ఇక్కడొక ఆక్షేపణ వస్తుంది, అది పాతది, గౌరవించదగినది. ఐదో శతాబ్దం తొలి రోజుల్లో పెలేగియస్ అనే సన్యాసి రోములో క్రైస్తవుల విచ్చలవిడి బతుకు చూసి బాధపడ్డాడు. మనిషి తలుచుకుంటే మంచిగా బతకగలడు, దేవుడు అసాధ్యమైనది ఆజ్ఞాపించడు, కాబట్టి సాకులు చెప్పకండి అన్నాడు. అతని ఆవేదన నిజాయితీగలదే. హిప్పో బిషప్పు అగస్టీను అతనికి ఎదురు నిలిచాడు, 418లో కార్తేజీలో కూడిన సభ ఆ బోధను తోసిపుచ్చింది. అగస్టీను పట్టుకున్న సత్యం ఇది: చెడిపోయింది మన చేతలు మాత్రమే అయితే గట్టిగా తలుచుకుంటే సరిపోయేది, కానీ చెడిపోయింది తలుచుకునే ఆ మనసే. ఈ ఆలోచన తెలుగు నేలకు కొత్తదేమీ కాదు. పోతన భాగవతంలో గజేంద్రుడు బలమున్నంతసేపూ మొసలితో పోరాడతాడు. తన బలం చాలదని తేలిన క్షణంలో శరణు వేడతాడు. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుందా, పిల్లిపిల్లను తల్లే నోట కరచుకుని మోస్తుందా అని శ్రీవైష్ణవులు తరాల తరబడి తర్కించారు. కృప, ప్రయత్నం ఈ రెండింటి లెక్క మనిషి లోతుగా ఆలోచించిన చోటల్లా తలెత్తిన ప్రశ్నే. క్రైస్తవం ఇచ్చే జవాబులో ప్రత్యేకత ఒకటుంది. రోమీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం ప్రకారం, మనం శరణు వేడకముందే, ఇంకా పాపులమై ఉండగానే, క్రీస్తు మన కోసం చనిపోయాడు. మొర కూడా కృపకు మూల్యం కాదు.

లూథర్ 1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గులో తొంభై ఐదు ప్రతిపాదనలు వెలువరించినప్పుడు ఆయన్ను కదిలించింది పాపక్షమాపణ పత్రాల అమ్మకం. కృపకు ధర కట్టడం చూసి ఆయన మండిపడ్డాడు. అయితే ఆ మొదటి ప్రతిపాదనలోనే, విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపమే కావాలన్నాడు. కృప ఉచితమన్న మనిషే పశ్చాత్తాపం జీవితాంతం సాగుతుందని కూడా అన్నాడు. ఆయన పేరు మోసే సంఘాల్లో మొదటి సగం కంఠస్థమై, రెండో సగం మరుగున పడింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో ప్రపంచ లూథరన్ సమాఖ్య, కతోలిక సంఘం కలిసి నీతిమంతుడుగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. దాదాపు ఐదు వందల ఏళ్ల వివాదం తరువాత రెండు పక్షాలూ ఒప్పుకున్న సారం ఇది: మనిషి దేవుని ఎదుట అంగీకారం పొందేది తన యోగ్యత వల్ల కాదు, క్రీస్తు చేసిన పని మీద విశ్వాసం వల్ల, కేవలం కృప వల్ల, ఆ కృప మనిషిని లోపల కొత్తవాణ్ణి చేస్తుంది కాబట్టి మంచి పనులు దాని ఫలాలుగా వస్తాయి. యుద్ధాల దాకా వెళ్లిన రెండు సంప్రదాయాలు ఈ మాట మీద కలవగలిగాయంటే, ఒకే మండలంలో పక్కపక్కనే ఉన్న మన సంఘాలు దాన్ని పంచుకోలేకపోవడానికి సిద్ధాంతం అడ్డు కాదు.

కృప ఉచితమంటే జనం మరింత పాపం చేయరా? ఈ ఆక్షేపణ పౌలుకు తెలుసు. రోమీయుల పత్రిక ఆరో అధ్యాయం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. గమనించవలసిందేమిటంటే, పౌలు జవాబులో కృపను తగ్గించలేదు. సరే, కాస్త షరతు పెడదాం అనలేదు. పాపం విషయంలో మీరు చనిపోయినవాళ్లు, చనిపోయినవాడు దానిలోనే ఎలా బతుకుతాడు అని అడిగాడు. బాప్తిస్మంలో క్రీస్తుతో పాతిపెట్టబడి, ఆయనతో లేచిన మనిషికి యజమాని మారాడు. తీతుకు రాసిన పత్రిక రెండో అధ్యాయం ఇంకా సూటిగా ఉంటుంది: భక్తిహీనతను విడిచిపెట్టమని మనకు బోధించేది కృపే. అంటే కృప క్షమించి ఊరుకోదు, చెయ్యి పట్టుకుని నడక నేర్పుతుంది. 1937లో జర్మన్ పాస్టరు డీట్రిక్ బాన్‌హోఫర్ తన దేశపు సంఘం చవక కృపకు అలవాటు పడిందని రాశాడు. పశ్చాత్తాపం లేని క్షమాపణ, సిలువ లేని శిష్యరికం పంచిపెట్టే సంఘం హిట్లరు ముందు నోరు మెదపలేకపోయింది. నోరు మెదిపిన బాన్‌హోఫర్‌ను 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. కృపను నమ్మడమంటే ఎంత ఖరీదో అతని చావు చెబుతుంది. కృప మనకు ఉచితం. దాన్ని ఇచ్చినవానికి మాత్రం అది ఉచితం కాలేదు. ఆ సంగతి తెలిసినవాడు దాన్ని అడ్డం పెట్టుకుని పాపం చేయడానికి జంకుతాడు.

మరి మన ప్రయత్నానికి చోటెక్కడ? ఈ ప్రాంతం బతుకుతున్న తీరే దానికి జవాబు చెబుతుంది. 1833 నాటి కరువు గోదావరి తీరాన్ని వల్లకాడు చేసింది. 1847 నుంచి 1852 దాకా ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక నీళ్లు తమంతట తాము పల్లానికి పారి చేలకు చేరాయి. ఏ రైతూ తన చెమటతో గోదావరిని పుట్టించలేదు. అయితే డెల్టా రైతుకు ఇంకో సంగతి కూడా బాగా తెలుసు: పంట కాలువ ఎంత నిండుగా పారినా, మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడుకుపోతే చేను ఊడ్పుల్లోనే కుళ్లిపోతుంది. వచ్చే నీటికి దారి ఉన్నట్టే, పోవలసిన నీటికీ దారి ఉండాలి. మన సంఘాల్లో కృపను ప్రకటించే కాలువ నిండుగానే పారుతోంది. పాపం బయటికి పోయే దారి, అంటే నిజంగా పేరు పెట్టి ఒప్పుకోవడం, అన్యాయం జరిగినవాడి గుమ్మం తొక్కి సరిచేసుకోవడం, పూడుకుపోయింది. పూడిక తీయడం వల్ల నీరు పుట్టదు. తీయకపోతే వచ్చిన నీరే చేటు చేస్తుంది. ఒప్పుకోలు కృపకు వెల కాదు, కృప పారడానికి చేసే పూడికతీత. ప్రభువు సన్నిధిలో కూర్చుని తన పాపాన్ని తానే చూసుకునే అలవాటును దేవదాసు అయ్యగారు అంతగా నొక్కి చెప్పడంలోని లోతు ఇక్కడ అర్థమవుతుంది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన పురుషోత్తమ చౌధరి (1803–1890) కీర్తనల్లో కవి తనను తాను పాపుల వరసలో నిలబెట్టుకుంటాడు. పుట్టుకతోనే పవిత్రుణ్ణన్న భావంలో పెరిగినవాడు అలా పాడడం చిన్న విషయం కాదు. ఆ కీర్తనలు ఈనాటికీ మన సంఘాల్లో వినిపిస్తున్నాయి. వాటిలోని ఒప్పుకోలు రాగం వెనక దాగిపోకూడదు.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. చేసిన కర్మ అనుభవించక తప్పదని నమ్మే పొరుగువాడు ఇలా అడుగుతాడు: మీ దేవుడు హంతకుణ్ణి, దొంగను క్షమించేస్తే, దెబ్బ తిన్నవాడి సంగతేమిటి? ఇది అన్యాయం కాదా? ఈ ప్రశ్నకు మనం తలవంచి జవాబు చెప్పాలి. ఎందుకంటే క్షమాపణ పేరుతో బాధితుల నోరు నొక్కిన సందర్భాలు మన సంఘాల్లో లేకపోలేదు. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీకి, ప్రభువు నిన్ను క్షమించాడు కాబట్టి నువ్వూ క్షమించి ఇంటికి వెళ్లమ్మా అని చెప్పడం కృపా బోధ కాదు, అన్యాయానికి కాపలా. దేవుని ఎదుట అపరాధం తీరడం ఒకటి, పొరుగువాడికి ఉన్న బాకీ తీరడం ఒకటి. మొదటిది క్రీస్తు తీర్చాడు. రెండోది మనం తీర్చాలి. జక్కయ్య క్షమాపణ పొందాడు కాబట్టే నాలుగింతలు తిరిగి ఇచ్చాడు. క్షమాపణ పొందాను గనుక ఇక ఇవ్వనక్కర్లేదు అనుకోలేదు. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో యేసు ఇంకా కచ్చితంగా చెప్పాడు: అర్పణ తెచ్చి బలిపీఠం ముందు నిలబడ్డాక, నీ మీద సహోదరుడికి ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్లి అతనితో సమాధానపడు. దేవుని కృప బాధితుణ్ణి పక్కకు నెట్టి దోషిని కౌగిలించుకోదు. దోషిని బాధితుడి దగ్గరికి పంపుతుంది, చట్టం విధించే శిక్షను భరించే ధైర్యం కూడా ఇస్తుంది.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. మనిషి ధర్మశాస్త్ర క్రియల వల్ల కాక, విశ్వాసం వల్లనే నీతిమంతుడుగా తీర్చబడతాడన్న సూత్రాన్ని పౌలు పత్రికల్లో వెదికితే, గలతీయుల పత్రిక రెండో అధ్యాయం పదహారో వచనంలో కనిపిస్తుంది. ఆ మాట ఎలాంటి సందర్భంలో వచ్చిందో చూడండి. అంతియొకయలో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే, వాళ్లకు జడిసి ఆ బంతి నుంచి లేచి వేరే కూర్చున్నాడు. మిగతా యూదులు, చివరికి బర్నబా కూడా అతని వెంట నడిచారు. పౌలు అందరి ఎదుటా పేతురును నిలదీశాడు, సువార్త సత్యానికి తగినట్టు మీరు నడవడం లేదని. ఆ నిలదీత నడుమనే విశ్వాసం వల్ల నీతి అన్న మాట వచ్చింది. అంటే మన విశ్వాసానికి మూలస్తంభమని చెప్పుకునే సిద్ధాంతం ఒంటరి ఆత్మ పరలోకానికి ఎలా వెళ్తుందన్న చర్చలో పుట్టలేదు. ఎవరి పక్కన కూర్చుని అన్నం తినాలి అన్న తగాదాలో పుట్టింది. దేవుడు నిన్ను యోగ్యత చూడకుండా తన బల్ల దగ్గరికి పిలిచాడు కాబట్టి, నువ్వు ఇంకొకణ్ణి యోగ్యత చూసి పక్కకు తప్పించలేవు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయంలోనూ ఇదే. అయోగ్యంగా ప్రభువు రొట్టె తినడమంటే ఏమిటో ఆ అధ్యాయమే చెబుతుంది: కలిగినవాడు ముందే కడుపు నింపుకుంటుంటే లేనివాడు ఆకలితో ఉండడం, పేదలను సిగ్గుపరచడం. మనం ఆ వచనాన్ని చుట్ట తాగినవాడి మీద ప్రయోగించి, పౌలు ఎవరి మీద ప్రయోగించాడో వాళ్లను వదిలేశాం.

ఈ కొలబద్ద డెల్టా సంఘాల మీద పెడితే ఏం తేలుతుంది? ఒకే ఊళ్లో మాలపేటకు ఒక ప్రార్థన మందిరం, మాదిగపేటకు ఇంకొకటి ఉన్న ఊళ్లు మనకు తెలుసు. బాప్తిస్మం తీసుకున్నా ఆ పేటలకు రాని పెద్దకులాల విశ్వాసులు తెలుసు. పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవ అన్న మాట పక్కనే కులం పేరు అచ్చవడం తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను దాదాపుగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది, క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవులు బీసీ–సీ వర్గంలో ఉన్నారు. ఈ అన్యాయాన్ని ప్రశ్నిస్తూ, మతం మారినా కులం మమ్మల్ని వదల్లేదని మనం వాదిస్తున్నాం, ఆ వాదన న్యాయమైనది. అదే నోటితో వేదిక మీద క్రీస్తులో కులం లేదంటున్నాం. రెండూ నిజమే. ఒకటి జరుగుతున్నది, ఇంకొకటి జరగవలసినది. ఆ రెంటి మధ్య ఉన్న ఎడమే మన పాపం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ పాపం భారం అందరి మీదా సమానంగా లేదు. నిచ్చెన మెట్లు కట్టినవాళ్లు వేరు, ఆ మెట్ల మీద ఒకరిపై ఒకరిని నిలబెట్టగా నలిగినవాళ్లు వేరు. మాల, మాదిగ సంఘాల మధ్య గోడకు పునాది తవ్వింది వాళ్లు కాదు. కానీ ఆ గోడను ప్రభువు మందిరంలోకి మోసుకురావలసిన అవసరం వాళ్లకూ లేదు.

కులం సామాజిక సమస్య, సువార్త ఆత్మకు సంబంధించినది, రెంటినీ కలపవద్దు అంటారు కొందరు పెద్దలు. సంఘాన్ని రాజకీయాల నుంచి కాపాడాలన్న తపన వాళ్లది. అయితే అంతియొకయలో పేతురు కూడా ఈ మాటే అని ఉండవచ్చు: నేను ఎవరినీ ద్వేషించడం లేదు, వేరే బంతిలో కూర్చున్నానంతే. పౌలు దాన్ని మర్యాద విషయంగా చూడలేదు, సువార్తకే ద్రోహమన్నాడు. ఆత్మకు సంబంధించినది ఒంటితో, అన్నంతో, ఇంటి గుమ్మంతో సంబంధం లేనిదైతే, దేవుడు శరీరధారిగా రావలసిన పనే లేదు. అసలు ఈ డెల్టా సంఘ చరిత్రే ఆ వాదానికి ఎదురు సాక్ష్యం. తోలు ముట్టినవాణ్ణి అంటరానివాడన్న సమాజంలో, చెప్పులు కుట్టిన చేతులతో రొట్టె విరిచిన బీర్ సంఘ స్థాపకుల్లో ఒకడు. వాళ్లు దొరలు, కాబట్టి వాళ్ల విషయం వేరన్న జవాబు ఉంది, అందులో నిజమూ ఉంది. తెల్లవాడి చేతికి దొరికిన మన్నన ఇక్కడి మాదిగవాడి చేతికి దొరకలేదు. ఆ తేడాయే మన సంఘాలు ఇంకా పూర్తిచేయవలసిన పని ఏమిటో చూపిస్తోంది.

చివరి ఆక్షేపణ అలిసిపోయిన విశ్వాసిది, అందుకే అది అన్నిటికంటె ముఖ్యం. నేను నమ్మాను, ప్రార్థించాను, ఉపవాసాలు చేశాను, అయినా అదే తాగుడు, అదే కోపం, అదే చూపు నన్ను పడగొడుతున్నాయి, నాకు కృప రాలేదా? ఈ మనిషికి రోమీయుల పత్రిక ఏడో అధ్యాయం చదివి వినిపించాలి. చేయాలనుకున్న మేలు చేయలేక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని అక్కడ పౌలు వాపోయాడు. కృప లేనివాడికి ఆ పోరాటం ఉండదు; పాపంతో రాజీపడ్డవాడు నిద్రపోతాడు. పడినవాడు లేవాలని తపించడమే కృప అతనిలో పనిచేస్తున్నదనడానికి గుర్తు. తాగుడు పాపమే కాక జబ్బు కూడా అని వైద్యం చెబుతోంది. వైద్యుడి దగ్గరికి, వ్యసన విముక్తి కేంద్రానికి వెళ్లడం అవిశ్వాసం కాదు. ఆ చేతుల ద్వారా కూడా దేవుడు పనిచేస్తాడు. ఈ అలిసిపోయిన మనిషి దగ్గరికే నూనె సీసాలు, ప్రత్యేక ప్రార్థనలు, విత్తనపు కానుకలు పట్టుకుని వచ్చేవాళ్లున్నారు. నీ విశ్వాసం చాలలేదు, ఇంకొంచెం ఇవ్వు అంటారు. ఐదు వందల ఏళ్ల కిందట క్షమాపణ పత్రాలు అమ్మినవాళ్లకూ వీళ్లకూ తేడా వస్తువులోనే ఉంది, వ్యాపారంలో లేదు. కృపకు ధర కట్టిన ప్రతివాడూ పేదవాడి జేబుతో పాటు అతని ఆశను కూడా దోచుకుంటున్నాడు.

కాబట్టి చేయవలసింది స్పష్టంగానే ఉంది. వేదిక మీద కృపను షరతు లేకుండా ప్రకటించాలి. పడినవాణ్ణి చూసి, నీకు చోటు ఉంది అని ముందు చెప్పాలి, లెక్కలు తరువాత. బల్ల ముందు ఒప్పుకోలు ప్రార్థన గబగబా చదివి ముగించకుండా, సంఘం తన పాపాలకు పేరు పెట్టే సమయంగా దాన్ని మార్చాలి: మింగిన వాటా, అడిగిన కట్నం, కొట్టిన చెయ్యి, పాటించిన అంటు. సంఘ క్రమశిక్షణ పేరుతో పేద తాగుబోతుకు ఒక న్యాయం, పెద్ద కానుకదారుకు ఒక న్యాయం ఉండకూడదు. ఒకే ఊళ్లోని రెండు మందిరాల విశ్వాసులు కనీసం కొన్ని ఆదివారాలు కలిసి రొట్టె విరవాలి, ఆ తరువాత ఒకరింట్లో ఒకరు అన్నం తినాలి, ఆ తరువాత పిల్లల పెళ్లిళ్ల దాకా ఆ సహవాసం వెళ్లాలి. ఇవి చేస్తే కృప వస్తుందని కాదు. కృప వచ్చింది కాబట్టి ఇవి చేయగలం. పేతురు ఆనాడు బంతి నుంచి లేచిపోయినా దేవుడు అతణ్ణి వదల్లేదు. సంఘం అతణ్ణి స్తంభంగానే గౌరవించింది. మన సంఘాలూ చాలాసార్లు బంతి నుంచి లేచిపోయాయి. తిరిగి వచ్చి కూర్చోవడానికి దేవుడు అడ్డు చెప్పడు. మనం జయజీవితం అని పాడుకునేది ఒంటరి మనిషి సాధించే పతకం కాదు. ఏ యోగ్యతా లేకుండా పిలుపు అందుకున్నవాళ్లు, ఏ యోగ్యతా అడగకుండా ఒకరికొకరు చోటిచ్చుకుని బతకడమే ఆ జయం.